పండగ సంచికలకు, కథల పోటీలకు కథ పంపడం ఎలా: చిత్తుప్రతి నుంచి అచ్చు దాకా

ఏటా దీపావళికి వారం పది రోజుల ముందు నాకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది: "పండగ సంచికకి ఒక కథ రాశానండీ, ఎక్కడికి పంపమంటారు?" అప్పటికి ఆ సంచిక అచ్చయిపోయి, కట్టలు కట్టించుకుని, బస్సెక్కి ఊళ్లకి బయల్దేరి ఉంటుంది. అడిగినవాళ్లకి విడివిడిగా చెప్పీ చెప్పీ అలిసిపోయి, అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

రెండు మాటలు ముందే చెబుతాను. పండగ కథని దాని ముందు పండగకే రాసుకోవాలి. రాసిన కథలోంచి పండగని తీసేసినా కథ కూలిపోకూడదు. మొదటిది తేదీల లెక్క, రెండోది కథ లెక్క. మిగతావన్నీ ఫైలు, ఫాంటు, కవరు వ్యవహారాలు. కానీ చాలా కథలు పోయేది ఆ వ్యవహారాల దగ్గరే.

1. పంచాంగం ముందేసుకుని కూర్చోండి

సంక్రాంతి ఒక్కటే మనకు ఇంచుమించు కదలని పండగ, జనవరి 14 లేదా 15. మిగతావన్నీ తిథుల ప్రకారం జరుగుతుంటాయి. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో నవంబరు 8కి వెళ్లింది. ఉగాది 2025లో మార్చి 30, 2026లో మార్చి 19, 2027లో ఏప్రిల్ 7. కాబట్టి "పోయినేడు ఫలానా తారీకుకి పంపాం, ఈసారీ అంతే" అనుకుంటే రెండు మూడు వారాలు తేడా కొడుతుంది.

సంచిక వెనక ఎంత పని ఉంటుందో ఊహించుకోండి. వచ్చిన కథలన్నీ చదవాలి. ఎంపికైనవాటిని బొమ్మ వేసే ఆర్టిస్టుకి పంపాలి. డీటీపీ (కంప్యూటర్లో టైపు చేయించడం), ప్రూఫులు దిద్దడం, పేజీలు కట్టడం, అచ్చు, రవాణా. పోటీ అయితే న్యాయనిర్ణేతల చదువు అదనం. అందుకే గడువు పండగకి రెండు నెలల ముందే ముగుస్తుందనుకుని లెక్క వేసుకోండి. ఇంకా ఆలస్యంగా ముగిస్తే మంచిదే, మీకు మిగులు.

నేను వేసుకునే లెక్క ఇది:

- సంక్రాంతి సంచికకి: దసరా సెలవుల్లో చిత్తుప్రతి, నవంబరు మొదటి వారంలో పంపడం.
- ఉగాదికి: సంక్రాంతికి ఊరెళ్లే ముందే చిత్తుప్రతి, తిరిగి రాగానే పంపడం.
- దసరా, బతుకమ్మ, దీపావళికి: జూన్‌లో చిత్తుప్రతి, జూలైలో పంపడం.

వర్షాలు మొదలవుతుండగా కూర్చుని దీపాల గురించి రాయడం కాస్త వింతగానే ఉంటుంది. దానికో చిట్కా ఉంది. పండగ జరుగుతున్నప్పుడే ఒక నోట్సు రాసి పెట్టుకోండి: ఏం వాసన వచ్చింది, ఎవరు ఎవరితో మాట్లాడలేదు, దేనికి ఎంత ఖర్చయింది, చివరి నిమిషంలో ఏది దొరకలేదు. వచ్చే ఏడాది కథకి ముడిసరుకు అదే. జ్ఞాపకం మీద రాస్తే అందరి పండగా ఒకేలా వస్తుంది.

2. ఎక్కడ వెతకాలి, ఏది నమ్మాలి

నెట్‌లో తిరిగే "కథలు పంపాల్సిన చిరునామాలు" జాబితాలు చాలావరకు పాతవి. వాటిలో ఇంకా విపుల, చతుర, నవ్య, ఆంధ్రభూమి వారపత్రిక కనిపిస్తుంటాయి. అవేవీ ఇప్పుడు రావడం లేదు. ఆ జాబితా చూసి కథ పంపి ఆర్నెల్లు ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు చూసుకోవాల్సిన చోట్లు నాలుగు రకాలు.

దినపత్రికల ఆదివారం పుస్తకాలు: ఈనాడు ఆదివారం, సాక్షి ఫన్‌డే, ఆంధ్రజ్యోతి ఆదివారం, నమస్తే తెలంగాణ బతుకమ్మ లాంటివి. చోటు తక్కువ, పోటీ ఎక్కువ, చదివేవాళ్లు లక్షల్లో. పండగ దగ్గరపడిన ఆదివారానికి పండగ వాసన ఉన్న కథ కోసం చూస్తారు.

వార, మాసపత్రికలు: స్వాతి ఇంకా నిలబడి ఉంది. ఇవి కాక ప్రాంతీయ సాహిత్య మాసపత్రికలు కొన్ని ఉన్నాయి. పంపే ముందు ఒక తాజా సంచిక కొని, నిబంధనలు వేసిన పేజీ చదవండి.

వెబ్ పత్రికలు: ఈమాట, సారంగ, కౌముది, సంచిక, నెచ్చెలి, గోదావరి. ఒక్కోదానికి ఒక్కో అభిరుచి. ఒకదానికి నచ్చింది మరోదానికి నచ్చనక్కర్లేదు. కనీసం మూడు పాత సంచికల్లో కథలు చదవకుండా దేనికీ పంపకండి.

పోటీలు: హ్యూస్టన్ కేంద్రంగా పనిచేసే వంగూరి ఫౌండేషన్ ఉగాది సందర్భంగా అంతర్జాతీయ స్థాయిలో రచనల పోటీ పెడుతూ వస్తోంది. ముల్కనూరు ప్రజా గ్రంథాలయంతో కలిసి నమస్తే తెలంగాణ కథల పోటీ నిర్వహిస్తూ వచ్చింది. ఇక అమెరికా తెలుగువాళ్లకి పండగ కాని పండగ ఒకటుంది, మహాసభలు. అక్కడి తెలుగు సంఘాలైన తానా సభలు బేసి సంవత్సరాల్లో, ఆటా సభలు సరి సంవత్సరాల్లో జరుగుతున్నాయి. వాటి సావనీర్లకి (సభల ప్రత్యేక సంచికలకి) కూడా రచనలు అడుగుతుంటారు.

వాట్సాప్‌లో పోటీ పోస్టరు వస్తే వెంటనే కథ పంపకండి. ముందు ఇవి చూడండి:

- నిర్వహిస్తున్నది ఎవరో పేరు, చిరునామా ఉన్నాయా?
- పోయినేటి విజేతల పేర్లు, ఆ కథలు ఎక్కడైనా కనిపిస్తున్నాయా?
- పోస్టరు మీద సంవత్సరం ఉందా? పాత పోస్టర్లు ఏటా తిరుగుతూనే ఉంటాయి.
- ప్రవేశ రుసుము అడుగుతున్నారా? "మీ కథ ఎంపికైంది, సంకలనం పది కాపీలు కొనాలి" అంటున్నారా?

చివరిది ఉంటే నా సలహా ఒక్కటే, వదిలేయండి. సంకలనంలో పేరు కోసం డబ్బు కట్టడం తప్పని అనను, ఎవరి సరదా వాళ్లది. కానీ దాన్ని ఎంపిక అనుకోకండి.

3. ప్రకటనని రెండుసార్లు చదవండి, పెన్సిలుతో

పోటీ ప్రకటనలో ప్రతి మాటకీ ఒక అర్థం ఉంటుంది. తడబడే చోట్లు ఇవి.

"అముద్రితం, అప్రసారితం": అచ్చులో రాకపోవడం ఒక్కటే చాలదు. ఆకాశవాణిలో చదివినా, ఫేస్‌బుక్‌లో పెట్టినా, ప్రతిలిపి యాప్‌లో వేసినా, యూట్యూబులో ఎవరి చేతయినా చదివించినా అది బయటికొచ్చిన కథే. "మా కుటుంబం గ్రూపులోనే పెట్టానండీ" అంటారు. ఆ గ్రూపులో రెండు వందల మంది ఉంటారు.

"వేరే పత్రిక పరిశీలనలో ఉండకూడదు": ఒక కథ ఒక సమయంలో ఒక్కచోటే ఉండాలి. దీనికి మినహాయింపు ప్రకటనలో రాసి ఉంటేనే.

"సాధారణ ప్రచురణకు తీసుకునే హక్కు ఉంది": బహుమతి రాకపోయినా కథ నచ్చితే మామూలుగా వేసుకుంటారు. అంటే ఫలితాలు వచ్చిన రోజే మీ కథ మీకు తిరిగి వచ్చేసినట్టు కాదు. సాధారణ ప్రచురణకు తీసుకున్నవాటి జాబితా వచ్చేదాకా ఆగాలి.

"కథ మీద రచయిత పేరు ఉండకూడదు": పేరు, ఫోను నంబరు హామీపత్రంలోనే (కథ మీ సొంతమని రాసిచ్చే కాగితం, ఏడో భాగంలో చెబుతాను) ఉండాలి. ఇక్కడ ఎవరికీ తట్టని చిక్కొకటుంది. కథ చివర అలవాటుగా "– ఫలానా" అని సంతకంలా పెట్టేస్తాం. ఫైలు పేరులో కూడా మన పేరే పెడతాం. రెండూ చూసుకోండి.

నిడివి: మాటల్లో చెప్పారా, పేజీల్లోనా? పేజీలంటే చేతిరాతా, డీటీపీనా? 1500 మాటలంటే 1500 లోపు. 1700 పంపి "కథ డిమాండ్ చేసింది" అని ఉత్తరం రాస్తే ఎవరూ వినరు, పేజీలో చోటు అంతే ఉంటుంది.

4. కథలో పండగని ఎక్కడ పెట్టాలి

అసలు పని ఇది. నిదానంగా చదవండి.

సంక్రాంతి కథల కట్ట ఒకటి విప్పితే సగం కథలు ఇలా ఉంటాయి: పల్లెలో ముసలి దంపతులు, అమెరికాలో కొడుకు, ఈసారైనా వస్తాడని ఎదురుచూపు, ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు, అరిసెల వాసన. చివర కొడుకైనా వస్తాడు, ఫోనైనా వస్తుంది, లేకపోతే ముసలాయన పోతాడు. ఉగాది కథయితే ఆఖరి వాక్యం "జీవితమూ షడ్రుచుల సమ్మేళనమే" అని. దీపావళి కథయితే "ఆమె బతుకులో వెలుగులు నిండాయి" అని. నేనూ రాశాను ఇలాంటివి, తిరిగొచ్చాయి. ఎదురుచూసే తల్లిదండ్రుల మీద రాయకూడదని కాదు. ఆ కట్టలో మీది ఇరవయ్యో కథ అవుతుంది, చదివేవాళ్లు అప్పటికే అలిసిపోయి ఉంటారు.

పండగ కథకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఎంపిక కాని సంక్రాంతి కథ ఫిబ్రవరిలో మీ చేతికి తిరిగొస్తే దాన్ని ఎవరికి పంపుతారు? మళ్లీ నవంబరు దాకా పెట్టెలోనే. అందుకే పండగ తీసేసినా నిలబడే కథ రాయమనేది.

పరీక్ష సులువు. చిత్తుప్రతిలో పండగ పేరు కొట్టేసి, "ఆదివారం" అని పెట్టి చదవండి.

- కథలో ఏమీ మారలేదా? పండగని అలంకారానికి పెట్టారు. దానికి పని కల్పించండి.
- కథే లేకుండా పోయిందా? పండగ వర్ణనే తప్ప మనుషులు లేరు. మళ్లీ మొదలుపెట్టండి.
- కథ ఉంది గానీ తొందర, ఒత్తిడి తగ్గాయా? సరిగ్గా కుదిరింది.

పండగ కథకి ఇచ్చేది ఒత్తిడే. ఆ రోజుకల్లా అయిపోవాలి, ఆ రోజు అందరూ ఒకచోట ఉండాలి, ఆ రోజు డబ్బు చేతిలో ఉండాలి. తగువు మాత్రం మనుషుల నుంచే రావాలి. అందుకని పండగ చేసుకునే ఇంటికంటే పండగ కోసం పనిచేసే చోటు వెతకండి. భోగి ముందు రాత్రి టైలరు కొట్టు. హైదరాబాదు–విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర కదలని కార్ల వరసలో నీళ్ల సీసాలు అమ్మే కుర్రాడు. బతుకమ్మకి గునుగు, తంగేడు ఏరి పట్నానికి మోసుకొచ్చి ఫ్లైఓవర్ కింద అమ్మే ఆడవాళ్లు. దీపావళి రాత్రి కంటి ఆసుపత్రిలో డ్యూటీ పడ్డ నర్సు. స్పెషల్ బస్సు కండక్టరు, అందర్నీ ఊరికి చేర్చి తాను మాత్రం డిపోలో పడుకునే మనిషి.

ఎత్తుగడ, అంటే కథ మొదలు, ఎలా మారుతుందో చూడండి. ముందు రాసింది:

"తూర్పున భానుడు అరుణకాంతులతో ఉదయిస్తున్నాడు. సంక్రాంతి శోభతో పల్లె కళకళలాడుతోంది. ప్రతి ఇంటి ముందూ రంగురంగుల ముగ్గులు కనువిందు చేస్తున్నాయి."

మార్చింది:

"తెల్లారితే భోగి. ఇవ్వాల్సిన జాకెట్లు ఇంకా పదకొండున్నాయి. మిషను పైన బల్బు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది."

రెండోదాంట్లో పండగ పేరు ఒక్కసారే వచ్చింది, ముగ్గు ఒక్కటీ లేదు. అయినా పండగ ఎంత దగ్గర్లో ఉందో చదివేవాడికి తెలుస్తుంది. పైగా ఈ కథ తిరిగొస్తే భోగిని పెళ్లి ముహూర్తం చేసి ఫిబ్రవరిలోనే ఇంకో పత్రికకి పంపొచ్చు.

యాస గురించి ఒక మాట. సంభాషణల్లో మీ ఊరి మాట రాయండి, భయపడొద్దు. కథనం కూడా ఆ మాటలోనే చెప్పాలనుకుంటే మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా అదే ఉండాలి. నాలుగు పేరాలు శ్రీకాకుళం మాటలో నడిచి, అయిదోది పాఠ్యపుస్తకంలోకి జారిపోతే యాస పైన పూసిన రంగులా కనిపిస్తుంది. మీది కాని యాసలో రాయాలంటే మాత్రం ఆ ఊరి మనిషి చేత ఒకసారి చదివించండి.

5. కోత

మొదటి ప్రతి రాశాక వారం పక్కన పెట్టండి. తర్వాత ఈ వరసలో కొయ్యండి. వరస ముఖ్యం. ముందే వాక్యాలు చెక్కుతూ కూర్చుంటే, రేపు తీసెయ్యాల్సిన పేరాకి ఇవాళ నగిషీలు చేసినట్టవుతుంది.

1) మొదటి పేరా మూసేసి రెండో పేరా నుంచి చదవండి. పది కథల్లో ఏడింటికి అక్కడే అసలు మొదలు.

2) "గతం కళ్ల ముందు సినిమా రీలులా తిరిగింది" దగ్గర ఆగండి. ఆ తర్వాత వచ్చే రెండు పేజీల గతాన్ని రెండు వాక్యాలు చేయగలరేమో చూడండి. చెయ్యలేకపోతే కథ అక్కడి నుంచే మొదలవ్వాలేమో.

3) పాత్రల పేర్లు లెక్కపెట్టండి. 1500 మాటల కథ ముగ్గురు నలుగురిని మోస్తుంది. పండగకి ఇంటినిండా చుట్టాలుంటారు నిజమే, అందరికీ పేర్లు అక్కర్లేదు. "చిన్నత్త కోడలు" చాలు.

4) చివరి పేరా మూసేసి చూడండి. నీతి, కన్నీళ్లు, "అవును, నిజమైన పండగ అంటే ఇదే" అక్కడే ఉంటాయి. కొసమెరుపు కోసం దాచిపెట్టిన సంగతిని ముందే చెప్పేసినా కథ నిలబడుతుందా? నిలబడితే చెప్పేయండి.

5) అప్పుడు వాక్యాలు. గట్టిగా, బయటికి చదవండి. ఊపిరి అందని వాక్యాన్ని రెండు చెయ్యండి.

మాటల లెక్క తగ్గించడానికి పదాలు కలిపి రాసే తెలివి కొందరు చూపిస్తారు, "చెప్పకుండావెళ్లిపోయాడు" అని. పేజీ కట్టేవాళ్లకి ఒక్క చూపులో తెలిసిపోతుంది.

6. టైపింగు, ఫాంటు

ఇప్పుడు చాలామంది యూనికోడ్‌లో (ఏ ఫోన్లో, కంప్యూటర్లో తెరిచినా తెలుగుగానే కనిపించే పద్ధతి) పంపమంటున్నారు. కొన్ని పత్రికలు, డీటీపీ సెంటర్లు ఇంకా అను అనే పాత తరహా ఫాంట్లే వాడుతున్నాయి. అనులో కొట్టిన ఫైలుని ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే కనపడేది తెలుగు కాదు, గుర్తుల ముద్ద. నాకు ఒకసారి సరిగ్గా ఇదే జరిగింది. సెంటర్లో కొట్టించిన ఫైలుని తెరిచి చూడకుండా పోటీకి పంపాను. గడువు దాటిన రెండు రోజులకి "ఫైలు చదవడానికి రావడం లేదు" అని జవాబొచ్చింది. తప్పు వాళ్లది కాదు.

మీ ఫైలు యూనికోడా కాదా తెలుసుకోవడానికి రెండు పనులు చెయ్యండి:

- ఫైలుని మీకు మీరే మెయిలు చేసుకుని ఫోన్లో తెరవండి. తెలుగు తెలుగులా కనిపించాలి.
- ఫైలులో ఏదో ఒక తెలుగు మాటని వెతుకు పెట్టెలో టైపు చేసి వెతకండి. దొరికితే యూనికోడే.

ఫోన్లో నోటితో చెప్పి టైపు చేయించేవాళ్లకి: సౌకర్యంగానే ఉంటుంది, కానీ న–ణ, ల–ళ, శ–ష–స తారుమారవుతాయి, ఒత్తులు ఎగిరిపోతాయి, విరామచిహ్నాలు ఉండవు. ఆ ప్రతిని కనీసం రెండుసార్లు కూర్చుని దిద్దాలి. ఇంకొకటి, "సాఫ్ట్‌వేర్", "ఫన్‌డే" లాంటి మాటలు కొన్ని కీబోర్డుల్లో "సాఫ్ట్వేర్", "ఫన్డే" అయిపోతాయి. ఫాంటు మార్చాక ఇవి ప్రత్యేకంగా చూసుకోవాలి.

ఫైలు తీరు ఇలా ఉంటే చాలు: పైన కథ పేరు, కింద కథ, పేరాకీ పేరాకీ మధ్య ఒక ఖాళీ, పేజీ నంబర్లు. రంగు అక్షరాలు, పూల అంచులు, నెట్‌లో దొరికిన దీపం బొమ్మ వద్దు. పీడీఎఫ్ ఒక్కటే పంపకండి, వర్డ్ ఫైలు తప్పనిసరి. పీడీఎఫ్‌లోంచి తెలుగు కాపీ చేస్తే అక్షరాలు చెదిరిపోతాయి, మళ్లీ టైపు చేయించుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

చేతిరాత ప్రతి తీసుకునేచోట అరఠావు కాగితం మీద ఒకవైపే, ఎడమ పక్క మార్జిను వదిలి రాయండి. జిరాక్సు మీ దగ్గర ఉంచుకుని స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. తిరుగు టపాకి స్టాంపులు అతికించిన సొంత చిరునామా కవరు పెడితేనే కథ వెనక్కి వస్తుంది.

7. హామీపత్రం, మెయిలు

హామీపత్రం లేని కథని చదవకుండానే పక్కన పెట్టేవాళ్లున్నారు. దీన్ని కథ ఫైలులో కలపకండి, విడిగా ఉంచండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"సంపాదకులకు నమస్కారం. '________' అనే ఈ కథ నా సొంత రచన. దేనికీ అనువాదం గాని అనుసరణ గాని కాదు. ఇంతవరకు ఏ పత్రికలోనూ, వెబ్ పత్రికలోనూ, సామాజిక మాధ్యమంలోనూ ప్రచురితం కాలేదు, ప్రసారం కాలేదు. ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ, పోటీలోనూ లేదు. మీ నిర్ణయం తెలిసేవరకు మరెక్కడికీ పంపనని హామీ ఇస్తున్నాను." కింద అసలు పేరు, కలం పేరు ఉంటే అది, చిరునామా, ఫోను, తేదీ, సంతకం.

కృత్రిమ మేధతో రాసింది కాదని కూడా హామీ అడిగేవాళ్లు మొదలయ్యారు. అడిగితే ఆ వాక్యం కూడా చేర్చండి.

మెయిలు సబ్జెక్టు గడిలో "దీపావళి కథల పోటీకి: (కథ పేరు)" అని ఉండాలి. లోపల మూడు వాక్యాలు చాలు: ఫలానా పోటీకి కథ పంపుతున్నాను, ఇన్ని మాటలు, హామీపత్రం జతచేశాను. కథ సారాంశం చెప్పకండి. "మా అమ్మగారు చదివి ఏడ్చారు" అని అసలే రాయకండి. రెండు వందల కథల వివరాలు, పాత బహుమతుల జాబితా కూడా వద్దు. అడిగితే నాలుగు వరసల పరిచయం, ఒక ఫొటో పంపుదురు గాని.

పంపేది గడువు రోజు రాత్రి పదకొండింటికి కాదు. మూడు రోజుల ముందు. విదేశాల నుంచి పంపేవాళ్లు గడువు ఏ దేశపు సమయం ప్రకారమో చూసుకోండి.

8. పంపాక

ఒక నోటుబుక్కులో అయిదు గడులు గీయండి: కథ పేరు, ఎక్కడికి, పంపిన తేదీ, ఫలితం రావాల్సిన తేదీ, ఏమైంది. ఇది లేకపోవడం వల్ల నేను ఒకే కథని మరిచిపోయి రెండుచోట్లకి పంపాను. రెండూ వేసుకున్నాయి, నెల తేడాతో. రెండో సంపాదకుడు ఫోను చేసి ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. తర్వాత మూడేళ్లు నా కథ వేయలేదు, అంతే.

ఎదురుచూపుకి హద్దు ఇలా పెట్టుకోండి:

- ప్రకటనలో ఫలితాల తేదీ ఉంటే, ఆ తేదీ దాటిన 2 వారాలకి ఒక మెయిలు.
- తేదీ లేకపోతే 3 నెలలకి ఒక మెయిలు.
- జవాబు లేకపోతే ఇంకో 2 వారాలాగి ఉపసంహరణ మెయిలు.

ఉపసంహరణ ఇలా: "ఫలానా తేదీన పంపిన '________' కథని పరిశీలన నుంచి వెనక్కి తీసుకుంటున్నాను. దయచేసి ప్రచురించవద్దని మనవి." ఇది పంపకుండా మౌనంగా ఇంకోచోటికి పంపితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

సంపాదకులు మార్పులు అడిగితే ముందు కథని వాళ్ల కళ్లతో ఒకసారి చదవండి. పేరు మార్చడం, రెండు పేరాలు తగ్గించడం మామూలే. ముగింపే మార్చమంటే మీకు నచ్చకపోతే మర్యాదగా కాదనొచ్చు, కథ మీది.

తిరిగొచ్చిన కథని ఆ రోజే ఇంకోచోటికి తోసేయకండి, నాలుగు రోజులాగి కోత వరస మళ్లీ ఒకసారి వెయ్యండి. అలాగని ఏడాది పెట్టెలోనూ పెట్టకండి.

9. హక్కులు, డబ్బు

కొన్ని పోటీ నిబంధనల్లో "బహుమతి పొందిన కథలపై సర్వహక్కులు నిర్వాహకులవే" అని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని దాటేసి వెళ్లకండి. రేపు మీ కథాసంపుటి వేసుకోవాలన్నా, ఎవరైనా షార్ట్ ఫిల్ము తీస్తామన్నా అడ్డొచ్చేది అదే.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే చెల్లుతుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. కాబట్టి సంతకం పెట్టే కాగితంలో ఎన్నాళ్లు, ఎక్కడ, అచ్చుకేనా ఆడియోకి, సినిమాకి కూడానా అన్నది చూడండి. లేకపోతే "తొలి ప్రచురణ, పోటీ సంకలనం వరకు అంగీకారం, మిగతా హక్కులు నావి" అని రాసివ్వొచ్చా అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు, ఆ వాక్యం వాళ్లు పాత ప్రకటనలోంచి దించుకున్నదే అయి ఉంటుంది.

పారితోషికం గురించి అడగడానికి మొహమాటపడకండి. వెబ్ పత్రికలు చాలావరకు ఇవ్వలేవు, అది తెలిసే పంపుతాం. ఇచ్చేచోట బ్యాంకు వివరాలు, పాన్ నంబరు అడగవచ్చు. ఓటీపీ గాని "బహుమతి విడుదలకి చార్జీలు" గాని అడిగితే అది పత్రిక కాదు.

10. పంపే రోజు చూసుకోవాల్సినవి

- నిడివి హద్దులోనే ఉందా?
- కథలో, ఫైలు పేరులో నా పేరు లేదు కదా?
- యూనికోడ్ వర్డ్ ఫైలు ఫోన్లో సరిగ్గా తెరుచుకుందా?
- హామీపత్రం విడిగా, సంతకంతో ఉందా?
- ఈ కథ ఇంకెక్కడా పరిశీలనలో లేదని నోటుబుక్కు చూశానా?
- పాత్రల పేర్లు మొదటి పేజీలో ఉన్నవే చివరి పేజీలోనూ ఉన్నాయా? (నవ్వకండి, సుజాత సునీత అయిపోయిన కథలు అచ్చయ్యాయి.)
- మెయిలుకి ఫైలు జతచేశానా?

కథ అచ్చయ్యాక ఆ సంచిక రెండు కాపీలు కొనండి, పేజీలు స్కాన్ చేసి పెట్టుకోండి. వెబ్ పత్రికల్లో వచ్చినవీ దాచుకోండి, సైట్లు మూతపడితే లింకులు పనిచేయవు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు నెలకొల్పిన కథానిలయం తెలుగు కథల్ని సేకరించి భద్రపరుస్తోంది. మీ కథ వచ్చిన పత్రిక పేరు, తేదీ కాగితం మీద రాసి ఒక ప్రతి అక్కడికి పంపండి. మిగిలిన రెండో కాపీ మాత్రం ఎవరు అడిగినా ఇవ్వకండి, తిరిగి రాదు.